మొదటి కాన్పుకీ ఆపరేషన్‌కీ మధ్య

తెలుగు ఇళ్ళల్లో ఇద్దరు పిల్లల తల్లిని ఎవరైనా "ఆపరేషన్ అయిందా?" అని అడిగితే, ఏ ఆపరేషన్ అని ఆమె తిరిగి అడగదు. ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త ఆపరేషన్ అంటే పిల్లలు పుట్టకుండా చేసేదే, అదీ ఆడవాళ్ళకి చేసేదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య పెళ్ళయిన ఆడవాళ్ళల్లో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే, తెలంగాణలో 62 మంది, దేశం మొత్తం మీద చూస్తే 38 మంది. ఆంధ్రలో మిగతావన్నీ అంటే మాత్రలు, కాపర్-టీ, కండోమ్, ఇంజెక్షన్, మగవాళ్ళ ఆపరేషన్ అన్నీ కలిపి కూడినా నూటికి ఇద్దరు రారు. కుటుంబ నియంత్రణలో తెలుగు వాళ్ళు ముందున్నారు అని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నాం కానీ ఆ ముందుండటం మొత్తం ఒకే ఒక్క పద్ధతి మీద, ఒక్క ఆడవాళ్ళ ఒంటి మీద నడిచింది, ఈ సంగతి మాత్రం అంత గట్టిగా ఎవరూ చెప్పరు.

ఇది మామూలుగా ఎలా జరుగుతుందో చూస్తే, పెళ్ళవుతుంది, ఆంధ్రలో అయితే 20-24 ఏళ్ళ ఆడవాళ్ళల్లో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్ళయిపోయింది అని అదే సర్వే చెప్తోంది. పెళ్ళయిన నాలుగైదు నెలల నుంచే "ఏమన్నా విశేషమా" అని చుట్టాలు మొదలుపెడతారు కాబట్టి ఆ టైమ్‌లో ఏ పద్ధతీ వాడే ప్రశ్నే రాదు. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్తుంది, బిడ్డతో తిరిగొస్తుంది, ఆ తర్వాత కూడా ఏమీ వాడదు, ఎందుకంటే ఎలాగూ రెండోది కావాలి కదా అనుకుంటారు, అది ఎప్పుడు కావాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. రెండో కడుపు తనంతట తనే వస్తుంది. రెండోది సిజేరియన్ అయితే (తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రలో 42 సిజేరియన్లే) అదే కోతలో ట్యూబులు కూడా కట్టేస్తారు, నార్మల్ అయితే ఆ వారంలోనో కొన్ని నెలలకో గవర్నమెంట్ ఆసుపత్రిలో చేయిస్తారు. చాలా చిన్న వయసులో ఈ ఆపరేషన్ అయిపోయే రాష్ట్రాల్లో ఆంధ్ర ఎప్పుడూ పైనే ఉంటుంది, చేయించుకున్నవాళ్ళల్లో సగం మందికి పైగా 25 నిండకముందే చేయించుకున్నవాళ్ళు. అంటే పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అన్నీ ఆరేడేళ్ళల్లో ముగిసిపోతాయి, సిటీలో అదే వయసు అమ్మాయి అప్పుడే మొదటి ఉద్యోగంలో చేరుతుంటుంది.

దీన్ని చూసి పాపం వాళ్ళకి తెలియదు, చదువు లేదు అనేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ అది సరికాదు. ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళని అడిగితే వాళ్ళు చెప్పే కారణాలు చాలా స్పష్టంగా ఉంటాయి. ఒక్కసారి అయిపోతే మళ్ళీ దాని గురించి ఆలోచించక్కర్లేదు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఉమ్మడి ఇంట్లో ఆ మాత్రల షీట్ ఎక్కడ దాచాలి అన్న గొడవ లేదు, నెలనెలా తేదీ దాటితే గుండెలు గుబగుబలాడటం లేదు. అన్నిటికంటే ముఖ్యం, భర్తని అడుక్కోవాల్సిన పని లేదు. కండోమ్ వాడాలంటే ప్రతిసారీ ఆయన ఒప్పుకోవాలి, తాగొచ్చిన రాత్రి ఆ మాట ఎవరు వింటారు, వద్దు అని చెప్పే వీలు ఎంతమందికి ఉంది. అలాంటి ఇంట్లో ఉన్న మనిషికి ఆపరేషన్ అనేది నిజంగానే ఒక విడుదల, ఆ తర్వాత తన ఒంటి గురించి ఆమెకి కనీసం ఒక్క భయం తగ్గుతుంది. కూలికో బట్టల షాపుకో మళ్ళీ పనికి పోవచ్చు. 1992-93లో ఆంధ్రలో ఒక్కో మహిళకి సగటున 2.6 మంది పిల్లలు ఉంటే 2005-06కి అది 1.8కి వచ్చేసింది, కేరళలో లాగా అందరికీ చదువు రాకుండానే, పెళ్ళి వయసు పెద్దగా పెరగకుండానే వచ్చేసింది. 2019-21 సర్వే నాటికి 1.7. దీని వెనక ప్రభుత్వం ఒత్తిడి ఉంది, నిజమే, కానీ ఒత్తిడి ఒక్కదానితో ఇంత పని జరగదు, ఇద్దరు చాలు అని ఆడవాళ్ళు గట్టిగా అనుకున్నారు కాబట్టే జరిగింది. అనుకున్నదాన్ని సాధించుకోడానికి వాళ్ళ చేతికి అందింది ఒక్క ఆపరేషనే, తప్పు ఎక్కడైనా ఉందంటే అక్కడ ఉంది.

మరి భర్త ఎందుకు చేయించుకోడు? వైద్యపరంగా చూస్తే ఇందులో వాదనే లేదు. మగవాళ్ళకి చేసే కోత లేని వేసెక్టమీ పది పదిహేను నిమిషాల పని, అక్కడ మాత్రమే మత్తిస్తారు, పొట్ట తెరవరు, అదే రోజు ఇంటికెళ్ళిపోవచ్చు. ట్యూబెక్టమీ అంటే పొట్టలోకి వెళ్ళి చేసే సర్జరీ, ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి గొట్టం పెట్టి చేసేది) అయినా సరే, మత్తు రిస్క్, ఇన్ఫెక్షన్ రిస్క్, లోపల పేగుకి దెబ్బ తగిలే రిస్క్ అన్నీ ఉంటాయి, అరుదే కానీ ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం డబ్బులు కూడా మగవాళ్ళకే ఎక్కువ. అయినా దేశంలో వేసెక్టమీ లెక్క 0.3 శాతం. కరీంనగర్, వరంగల్ వైపు ఒకప్పుడు మిగతా చోట్ల కంటే ఎక్కువగానే చేయించుకునేవాళ్ళు, అంటే తెలుగు మగవాళ్ళు అసలు ఒప్పుకోరు అని కొట్టిపారేయడానికి లేదు, సరిగ్గా చెప్పి దగ్గరుండి చేయించే వ్యవస్థ ఉన్నచోట ఒప్పుకున్నారు.

వద్దనేది మగవాళ్ళు మాత్రమే కాదు, చాలా ఇళ్ళల్లో మొదట వద్దనేది భార్యే. "ఆయన బరువులెత్తే మనిషి, నీరసపడితే ఇల్లెలా గడుస్తుంది, నాకే చేసెయ్యండి" అంటుంది. అత్త అయితే కొడుకు పేరు ఎత్తనివ్వదు. మగతనం పోతుందన్న భయం ఎలాగూ ఉంది, అది తప్పని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా పోవట్లేదు, వేసెక్టమీ తర్వాత హార్మోన్లు మారవు, కోరిక మారదు, వీర్యంలో కణాలు ఉండవు అంతే. కానీ ఇంకో భయం ఉంది, అది ఆడవాళ్ళు బయటికి చెప్పుకోనిది. భర్తకి ఆపరేషన్ అయ్యాక పొరపాటున తనకి కడుపొస్తే? వేసెక్టమీ అయిన మొదటి మూడు నెలలు కండోమో ఇంకోటో వాడాలి, ఆ తర్వాత వీర్యం టెస్ట్ చేయించి కణాలు లేవని తేలితేనే పని అయినట్టు, ఈ ముక్క సరిగ్గా చెప్పక, చెప్పినా వినక, ఆ మూడు నెలల్లో కడుపులు వచ్చిన సందర్భాలు ఉంటాయి. అరుదుగా తర్వాత కూడా ఫెయిల్ అవ్వచ్చు. అప్పుడు ఊళ్ళో జనం ఆపరేషన్ ఫెయిలయింది అనరు, ఆమెని అంటారు. అదే ట్యూబెక్టమీ ఫెయిలయితే (వెయ్యిమందిలో ఐదుగురికి ఏడాదిలోపు అలా జరగొచ్చు) డాక్టర్‌ని అంటారు, ఆమె గుణాన్ని ఎవరూ వేలెత్తి చూపరు. ఈ లెక్క వేసుకునే చాలామంది ఆడవాళ్ళు కత్తి తమ ఒంటికే పెట్టించుకుంటున్నారు, ఇది మూఢనమ్మకం కాదు, వాళ్ళు బతికే చోటు వాళ్ళకి నేర్పిన లెక్క. గర్భనిరోధం ఆడవాళ్ళ వ్యవహారం, మగాడికి దాంతో పనేంటి అన్న మాటకి దేశంలో నూటికి 35 మంది మగవాళ్ళు సర్వేలో అవునన్నారు, గర్భనిరోధకాలు వాడే ఆడది తిరుగుబోతు అయ్యే అవకాశం ఉంది అన్న మాటకి కూడా ఐదుగురిలో ఒకరు సరే అన్నారు.

అసలు ఒకే దారి మిగలడం ఎలా జరిగిందంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ప్రపంచంలోనే మొదట ప్రభుత్వం తరఫున కుటుంబ నియంత్రణ కార్యక్రమం పెట్టింది మన దేశం, 1952లో. 60లలో లూప్ (కాపర్-టీ లాగా గర్భసంచిలో పెట్టేది) వచ్చింది, 1968లో నిరోధ్ కండోమ్ వచ్చింది, కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడగోడకీ ఎక్కింది, మేమిద్దరం మాకిద్దరు అన్న మాట బస్సుల వెనక, ఆసుపత్రి గోడల మీద చదువుకుంటూ రెండు తరాలు పెరిగాయి. అప్పట్లో ఆపరేషన్ అంటే ఎక్కువగా మగవాళ్ళదే. ఎమర్జెన్సీ తర్వాత అది మారిపోయింది, ఒక్క 1976-77లోనే దేశంలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేశారు, అందులో 60 లక్షలకి పైగా వేసెక్టమీలు, బలవంతాలు, భయపెట్టడాలు, జీతాలు ఆపడాలు, 1977లో ప్రభుత్వం ఓడిపోవడానికి అదీ ఒక పెద్ద కారణం. మగవాళ్ళ జోలికి వెళ్తే ఓట్లు పోతాయి అని పార్టీలన్నిటికీ అర్థమైంది. ఆ తర్వాత 80లలో ల్యాపరోస్కోపీ వచ్చింది, ఒక్కరోజులో పదుల మందికి చేసే క్యాంపులు వచ్చాయి, టార్గెట్లు అలాగే ఉన్నాయి, ఆపరేషన్ చేయించుకునే మనుషులు మాత్రం మారారు, మగవాళ్ళ బదులు ఆడవాళ్ళు. ఊళ్ళో తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్‌కి ఇన్ని కేసులు తేవాలని, టీచర్లకి, రెవెన్యూ వాళ్ళకి కూడా ఇన్ని అని కోటాలు. 1996లో కేంద్రం కాగితం మీద టార్గెట్లు ఎత్తేసింది, కానీ అప్పటికే రెండు కాన్పులు, ఆపరేషన్ అన్నది ఊళ్ళల్లో ఒక ఆచారంలా స్థిరపడిపోయింది.

మిగతా పద్ధతుల మీద నమ్మకం ఎందుకు పెరగలేదో చెప్పడానికి మన పటాన్‌చెరు ఉదాహరణ ఉంది, ఇది ఇప్పటివాళ్ళకి పెద్దగా తెలియదు. 1985లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని పరీక్షించడానికి అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆడవాళ్ళని పిలిచారు, ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని, దీని వల్ల ఏం రావచ్చో అని వాళ్ళకి సరిగ్గా చెప్పలేదు. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు అక్కడికి వెళ్ళి ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఇంజెక్షన్ మంచిదా చెడ్డదా అన్న వాదన ఒకటైతే, ఒంట్లోకి ఏం ఎక్కుతోందో చెప్పించుకునే హక్కు పేద ఆడవాళ్ళకి లేదా అన్నది అసలు ప్రశ్న. ఆ ఉద్యమం అడిగింది న్యాయమే.

ఆ ప్రశ్న తీరలేదని తర్వాత రెండు సంఘటనలు చూపించాయి. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేసేశారు, ఆ రోజుల్లో జరిగిన క్యాంపుల తర్వాత పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల పద్ధతిని మూడేళ్ళల్లో ఆపేయమంది. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గర మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ల్యాపరోస్కోపీ ఆపరేషన్లు చేశారు, రోజుల తేడాలో నలుగురు చనిపోయారు, అందరూ చిన్న పిల్లల తల్లులు. ఒక్కొక్కరికీ శుభ్రం చేసిన పరికరాలు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే టైమ్, తర్వాత రెండు మూడు రోజులు చూసుకునే మనిషి, ఇవన్నీ ఒక రోజులో 34 మందికి ఎలా కుదురుతాయి. నలుగురి ప్రాణం పోయాక కానీ ఆ ప్రశ్న పేపర్లకి ఎక్కలేదు.

ఇక మధ్యలో వాడదగ్గ పద్ధతుల సంగతి. కాపర్-టీ 380ఏ రకం పదేళ్ళు పనిచేస్తుంది, తీసేస్తే వెంటనే మళ్ళీ పిల్లలు పుట్టొచ్చు, కాన్పు అయిన 48 గంటల లోపే వేసే వీలుంది, ఫ్రీగా వేస్తారు. అయినా ఆంధ్రలో దాన్ని వాడేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. లూప్ పైకి ఎక్కి గుండెకి పోతుందంటారు, అది పోదు, గర్భసంచి నుంచి గుండెకి దారే లేదు, చాలా చాలా అరుదుగా గర్భసంచి గోడకి గుచ్చుకుని పొట్టలోకి వెళ్ళొచ్చు, అంతవరకే. నెలసరి ఎక్కువ అవడం, నొప్పి రావడం మాత్రం నిజంగానే కొందరికి ఉంటుంది, మొదటి కొన్ని నెలలు. అది ముందే చెప్పి, ఇబ్బంది అయితే రా తీసేస్తాం అని ఒక్కమాట అంటే చాలామంది ఉంచుకుంటారు, చెప్పకుండా వేస్తే మొదటి బ్లీడింగ్‌కే భయపడి తీయించేసుకుని పదిమందికి చెప్తారు, ఆ పదిమందీ ఇక ఆ వైపు రారు. మాత్రలకి "వేడి చేస్తుంది", "తర్వాత పిల్లలు పుట్టరు" అన్న పేరు. మానేసిన కొద్ది నెలల్లోనే ఎక్కువమందికి మళ్ళీ నెల తప్పుతుంది, పిల్లలు పుట్టరన్నది నిజం కాదు, కానీ పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలు మామూలు కలిపిన హార్మోన్ మాత్రలు వాడకూడదు అన్నది నిజం, బీపీ ఉన్నవాళ్ళు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు వాడకూడదన్నదీ నిజం.

2017 నుంచి గవర్నమెంట్ ఆసుపత్రుల్లో రెండు కొత్తవి ఉచితంగా ఇస్తున్నారు. అంతర అనేది మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్, ఛాయ అనేది హార్మోన్ లేని మాత్ర, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసింది, 90లలోనే సహేలి పేరుతో వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి, పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. రోజూ గుర్తుపెట్టుకోలేని వాళ్ళకి ఇంతకంటే సులువైన మాత్ర ఉండదు, అయినా దాని పేరు కూడా వినని ఆడవాళ్ళు ఊళ్ళో ఎంతమందో. అంతర విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి, అది వేయించుకుంటే నెలసరి తప్పుతుంది లేదా సక్రమంగా రాదు, మన దగ్గర ముట్టు ఆగితే చెడు రక్తం లోపలే ఉండిపోయిందని భయపడతారు, అలా ఏమీ ఉండిపోదు, లోపలి పొర మందంగా తయారవ్వదు కాబట్టి రావడానికి ఏమీ ఉండదు అంతే. ఆపేశాక మళ్ళీ గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు, కాబట్టి వచ్చే ఏడాదే రెండోది కావాలి అనుకునేవాళ్ళకి ఇది సరిపోదు.

పెళ్ళికాని వాళ్ళు ఈ లెక్కల్లో దాదాపు కనపడరు. హాస్టల్లో ఉండే అమ్మాయికి గైనకాలజిస్ట్ మొదటి ప్రశ్న "పెళ్ళయిందా", ఆ ప్రశ్నకి భయపడే చాలామంది మెడికల్ షాపుకి పోయి ఐ-పిల్ లాంటి ఎమర్జెన్సీ మాత్ర తెచ్చుకుంటారు, ఆ రకం మాత్ర 2005 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది. కలిసిన 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, అండం విడుదలని వాయిదా వేస్తుంది, అప్పటికే వచ్చిన గర్భాన్ని అది తీయలేదు. నెలకి మూడు నాలుగు సార్లు వాడేవాళ్ళు ఉన్నారు, ఒళ్ళు పాడైపోతుందని కాదు కానీ మామూలు మాత్రంత గట్టిగా అది కాపాడదు, నెలసరి తేదీలు గందరగోళమై ఇంకా భయం పెరుగుతుంది. 2021లో అబార్షన్ చట్టం మార్చి, గర్భనిరోధకం ఫెయిలైన సందర్భంలో భార్యాభర్తలు అన్న మాట తీసేసి మహిళ, ఆమె భాగస్వామి అని రాశారు. చట్టం అక్కడిదాకా వచ్చింది, కౌంటర్ వెనక ఉన్నవాళ్ళ చూపు ఇంకా రాలేదు.

ఆపరేషన్ అయిపోయాక ఏం జరుగుతుంది అన్నది కూడా ఇందులో భాగమే. పాతికేళ్ళకి ట్యూబులు కట్టేసుకున్న మనిషికి ఇంకా పాతికేళ్ళ నెలసరి జీవితం ఉంటుంది. బిడ్డ చనిపోవచ్చు, విడాకులై మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకి తమిళనాడు ప్రభుత్వం ట్యూబులు మళ్ళీ కలిపే ఆపరేషన్ ఉచితంగా చేయించింది, అది అందరికీ సక్సెస్ అయ్యేది కాదు, దొరికేచోట్లు కూడా తక్కువ. ఇంకోటి, పిల్లలు పుట్టే పని అయిపోయింది కదా అని గర్భసంచిని ఒక పనికిరాని సామానులా చూడటం మొదలవుతుంది, తెల్లబట్ట అయినా ఎక్కువ బ్లీడింగ్ అయినా తీసేయించేసుకో అని సలహా. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురు అయితే తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిదికి పైనే. ఈ రెండు ఆపరేషన్లకీ సంబంధం లేదనుకోవడం కష్టం.

ఇప్పుడు గాలి ఇంకో వైపు తిరిగింది. 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికంటే ఎక్కువ పిల్లలు ఉంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారు అని చట్టం చేశారు, 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది, ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, ఎక్కువ మంది పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రే చెప్తున్నారు. ముప్పై ఏళ్ళ క్రితం ఏఎన్ఎమ్ ఇంటికొచ్చి ఇక చాలు అన్న ఆమెకి పుట్టిన కూతురికి ఇప్పుడు ఇంకొకర్ని కను అని చెప్తున్నారు. రెండుసార్లూ ఆ తల్లీకూతుళ్ళని నీకేం కావాలి అని ముందు అడగలేదు. ప్రైవేట్ స్కూల్ ఫీజు, పట్నంలో అద్దె, పిల్లల్ని చూసుకోడానికి మనిషి లేకపోవడం, ఉద్యోగం మానేస్తే మళ్ళీ దొరక్కపోవడం, ఇవి అలాగే ఉంచి మూడో బిడ్డ అంటే ఎవరు కంటారు.

మారాల్సింది ఎక్కడో పెద్ద ఆఫీసులో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ చాలావరకు అది ఏడో నెల చెకప్ దగ్గర ఉంది. ప్రభుత్వ నియమాల ప్రకారమే నొప్పుల్లో ఉన్నప్పుడు, మత్తులో ఉన్నప్పుడు ఆపరేషన్‌కి ఒప్పించకూడదు, ముందే అన్ని పద్ధతులూ చెప్పి ఉండాలి. జరిగేది ఏంటంటే ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నర్సు బయటికొచ్చి "ఇదే లాస్టా, ట్యూబ్స్ కూడా కట్టేయమంటారా?" అని అడుగుతుంది, లోపల బల్ల మీద ఉన్నామెని కాదు, బయట నిలబడ్డ అత్తనీ భర్తనీ. భర్త కాగితం మీద సంతకం పెడతాడు. ట్యూబెక్టమీకి భర్త సంతకం అవసరమే లేదని అదే నియమాల్లో రాసి ఉంది, కావాల్సింది ఆమెదొక్కటే.